యంత్రములు వ్రాయు దినచర్య

పూర్వము నావికులు ఓడవేగమును కొలుచుటకై కొయ్యతుండమునకు త్రాడు కట్టి సముద్రమున విడుచుచుండిరి. ఆంగ్లమున ఆ కొయ్యకు లాగ్ అని పేరు. ఆ కొలతలను వ్రాసికొను పుస్తకమునకును క్రమముగా ఆ పేరే నిలిచెను. నేడు కంప్యూటరులు తమ పనులను వేళతో సహా తామే వ్రాసికొను ఫైలును గూడ లాగ్ అనియే పిలుచుచున్నారు.

మా కంప్యూటరు గదిలో విద్యార్థుల అభ్యాసమునకై ఒక చిన్న నెట్‌వర్కును నెలకొల్పితిమి. అందు సమాచారమును ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు చేర్చునది స్విచ్చి; ఏ దారిని చేర్చవలెనో దానికి తెలుపునది కంట్రోలరు. మా స్విచ్చి ఓపెన్ వీస్విచ్ అను ప్రోగ్రాము. కంట్రోలరు 2013లో లినక్స్ ఫౌండేషన్ వారు ఆరంభించిన ఓపెన్ డేలైట్.

ఒక ఉదయమున చూడగా ఈ రెంటికిని సంబంధము తెగియుండెను. స్విచ్చి లాగును తెఱచితిమి. క్రిందటి దినము 10 గంటల 10 నిమిషములకు తెగినట్లు అందుండెను. ఆ వేళ గదిలో ఒక విద్యార్థి ఒంటరిగా పనిచేయుచుండెను. అతడే తీగను కదల్చెనని తలంచి, పిలిచి మందలింప సిద్ధపడితిమి. అయినను, ఒక్క సాక్షి మాటనే నమ్మి తీర్పు చెప్పుట తగదని కంట్రోలరు లాగును గూడ చూడ నిశ్చయించితిమి.

ఓపెన్ డేలైట్ నెలకొల్పబడిన ఫోల్డరులో డేటా అను ఫోల్డరును, దానిలో లాగ్ అను ఫోల్డరును ఉండును. అందలి కరాఫ్.లాగ్ అను ఫైలే మనకు కావలసినది. ప్రతి పంక్తియందును వేళ, తీవ్రత, వ్రాసిన భాగము పేరు, సంగతి కనబడును. తీవ్రతలు ఐదు: ఎర్రర్ అనగా దోషము, వార్న్ అనగా హెచ్చరిక, ఇన్ఫో అనగా సామాన్యవార్త, డీబగ్, ట్రేస్ అనునవి మిక్కిలి సూక్ష్మవివరములు. సాధారణముగా ఇన్ఫో వఱకే వ్రాయబడును. అది చాలనప్పుడు లాగ్:సెట్ అను ఆజ్ఞతో, అనుమానము గల భాగమునకు మాత్రమే డీబగ్ ఏర్పఱుపవలెను. అన్నిటికిని ఏర్పఱచినచో కావలసిన పంక్తి వేలకొలది పంక్తులలో మునిగిపోవును. పని ముగిసిన పిమ్మట మరల ఇన్ఫోకు మార్చుట మఱువరాదు.

కంట్రోలరు లాగులో 10 గంటల 10 నిమిషముల వేళ ఏ దోషమును లేదు. అపరాహ్ణము 3 గంటల 40 నిమిషములకు మాత్రము, మెమొరీ చాలలేదని ఎర్రర్ కనబడెను. ఈ రెండు వేళలకును భేదము సరిగా 5 గంటల 30 నిమిషములు! అప్పుడు స్విచ్చి లాగును మరల చూచితిమి. వేళ చివర జెడ్ అను అక్షరముండెను. అది ప్రపంచ ప్రమాణకాలమునకు గుఱుతు. మన భారతకాలము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందుండును. కంట్రోలరు యంత్రమో భారతకాలమునే వ్రాయుచుండెను. రెండు లాగులును చెప్పినది ఒకే క్షణమును. ఆ వేళకు ఆ బాలుడు గదిలోనే లేడు. కంట్రోలరునకు తగినంత మెమొరీ కేటాయింపనివారము మేమే.

కావున విద్యార్థులారా, యంత్రము చెడినప్పుడు తొందరపడి దేనిని మార్పకుడు, లాగును తుడిచివేయకుడు. మొదట చదువుడు; ఏ కాలమున వ్రాయబడినదో తెలిసికొనుడు; రెండవ లాగుతో సరిచూడుడు. లాగు అబద్ధమాడలేదు, మేమే దానిని తప్పుగా చదివితిమి. ఆ తప్పునకు ఒక నిరపరాధి శిక్ష ననుభవింపవలసినవాడయ్యెను.