మీ ఇంట్లో చార్మినార్ వెండి రూపాయి ఉందా? అమ్మే ముందు ఇవి తెలుసుకోండి.. అమెరికా డాలర్‌తో మన రూపాయికి లింకేంటంటే?

సిద్దిపేట: పాత ఇల్లు కూలగొట్టేటప్పుడో, నాయనమ్మ సందుగ సర్దేటప్పుడో ఓ చిన్న గుడ్డ మూట బయటపడుతుంది. విప్పి చూస్తే నాలుగైదు వెండి బిళ్లలు. ఒకదాని మీద చార్మినార్ బొమ్మ, ఇంకోదాని మీద కిరీటం పెట్టుకున్న రాజు తల. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. 'పాత నాణేనికి రూ.10 లక్షలు' అనే వీడియో ఎదురొస్తుంది. అక్కడి నుంచే అసలు కథ మొదలవుతుంది.

కొందరు ఆ వీడియో కింద ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి 'రిజిస్ట్రేషన్ ఫీజు' కట్టి మోసపోతారు. ఇంకొందరు ఇదంతా మనకెందుకులే అని అవుసలాయన దగ్గర కరిగించేస్తారు. రెండూ నష్టమే. మరి ఆ బిళ్లల అసలు విలువ ఎంత? దాన్ని ఎలా లెక్కగట్టాలి? ఎవరికి అమ్మాలి? ఇప్పుడు వివరంగా చూద్దాం.

మన దగ్గర రెండు రకాల రూపాయలు ఎందుకున్నాయి?

ఇప్పుడు సిద్దిపేట సొంతంగా జిల్లా. 2016 అక్టోబర్ 11 దాకా మెదక్ జిల్లాలో ఉండేది. అంతకుముందు, 1948 సెప్టెంబర్ దాకా ఈ ప్రాంతమంతా నిజాం ఏలిన హైదరాబాద్ సంస్థానంలో భాగం. ఆ సంస్థానానికి సొంత కరెన్సీ ఉండేది. దాన్నే హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా అనేవాళ్లు. బ్రిటిష్ ఇండియా రూపాయిని మాత్రం 'కల్దార్' అని పిలిచేవాళ్లు. పెద్దవాళ్లను అడిగితే ఈ మాటలు ఇప్పటికీ చెప్తారు.

ఈ రెండింటి మారకం లెక్క కూడా పక్కాగా ఉండేది. 7 హాలీ రూపాయలిస్తే 6 కల్దార్ రూపాయలు వచ్చేవి. అంటే మన రూపాయి కాస్త తక్కువ. ఎందుకు తక్కువ? సమాధానం అందులోని వెండిలోనే ఉంది.

చార్మినార్ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు. అందులో వెండి 81.8 శాతం. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అంటే ఒక తులం. అందులో వెండి 91.7 శాతం. స్వచ్ఛమైన వెండి లెక్క తీస్తే చార్మినార్ రూపాయిలో 9.14 గ్రాములు, కల్దార్‌లో 10.69 గ్రాములు వస్తుంది. ఈ రెండు అంకెల్ని పోల్చి చూడండి. దాదాపు 6కి 7. అంటే ఆ రోజుల్లో మారకం రేటు దాదాపు వెండి లెక్కతోనే సరిపోయింది.

1948లో సంస్థానం భారత్‌లో కలిసిన తర్వాత కూడా ఉస్మానియా సిక్కా వెంటనే పోలేదు. భారత రూపాయితో పాటు కొన్నేళ్లు నడిచి, 1959లో పూర్తిగా చెల్లకుండా పోయింది. అందుకే చాలా ఇళ్లల్లో అవి ఖర్చు కాకుండా పూజ గదిలోనో, పెట్టె అడుగునో ఉండిపోయాయి.

చార్మినార్ రూపాయిని ఎలా గుర్తుపట్టాలి?

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1903లో హైదరాబాద్ సైఫాబాద్‌లో మింట్ కట్టారు. మెషీన్లతో కొట్టిన చార్మినార్ బొమ్మ రూపాయలు ఆ రోజుల నుంచే మొదలయ్యాయి. అంతకుముందువాటిలో చాలావరకు చేత్తో కొట్టినవి, వాటి అంచులు గుండ్రంగా ఉండవు.

* అక్షరం చూడండి: చార్మినార్ మధ్య ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే అది మహబూబ్ అలీ ఖాన్ నాణెం. 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం. ఉస్మాన్ తొలినాళ్ల రూపాయల్లో ఐన్ అక్షరం సగమే కనిపించే రకం కూడా ఉంది. సేకరించేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా వెతుకుతారు.

* సంవత్సరం చూడండి: నాణెం మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. అంకెలు ఉర్దూలో ఉంటాయి. నిలువు గీత ఒకటి. చిన్న చుక్క సున్నా. గుండ్రంగా, తిరగేసిన గుండె ఆకారంలా ఉంటే ఐదు. పైకి తెరుచుకున్న గరాటులా ఉంటే ఏడు. దాన్ని బోర్లిస్తే ఎనిమిది. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం దాదాపుగా తెలిసిపోతుంది. ఉదాహరణకు హిజ్రీ 1330 అంటే సుమారు 1912.

* వెనక వైపు చూడండి: పర్షియన్ లిపిలో రూపాయి విలువ, ముద్రించిన ఊరు ఉంటాయి. హైదరాబాద్‌ను 'ఫర్ఖుందా బునియాద్' అని రాశారు. శుభమైన పునాది మీద నిలిచిన నగరం అని దానర్థం.

ఇంకో ముఖ్యమైన విషయం. రెండో ప్రపంచ యుద్ధం నాటికి వెండి కరువైంది. 1940 నుంచి బ్రిటిష్ రూపాయిలో వెండిని 50 శాతానికి తగ్గించారు. ఆ తర్వాత హైదరాబాద్ రూపాయిలో కూడా వెండి సగానికి పడిపోయింది. కాబట్టి చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు రూపాయల్లో వెండి ఒకేలా ఉండకపోవచ్చు. సంవత్సరం చదవడం అందుకే ముఖ్యం.

అమెరికా డాలర్లు కరిగి మన రూపాయలయ్యాయి!

ఇది చాలామందికి తెలియని కథ. మొదటి ప్రపంచ యుద్ధం సమయంలో మన దేశంలో నోట్లు ఇచ్చి వెండి రూపాయలు తీసుకునేవాళ్లు ఎక్కువైపోయారు. ప్రభుత్వం దగ్గర వెండి తగ్గిపోయింది. నోట్లకు వెండి ఇవ్వలేకపోతే కాగితం మీద జనానికి నమ్మకం పోతుంది. అది బ్రిటిష్ ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. అప్పుడే 1917లో ఒక రూపాయి నోటు, ఆ తర్వాత రెండున్నర రూపాయల నోటు కూడా తెచ్చారు. వెండి కొరత సెగ హైదరాబాద్‌కూ తగిలింది. 1918లో నిజాం ప్రభుత్వం కూడా చట్టం చేసి సొంత కాగితపు నోట్లు మొదలుపెట్టింది.

మరి బ్రిటన్‌కు వెండి ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికా నుంచి. అమెరికా ఖజానాలో కోట్ల కొద్దీ 'మోర్గాన్' వెండి డాలర్లు కుప్పలుగా పడి ఉన్నాయి. 1878 నుంచి 1904 దాకా ముద్రించినవి అవి. 1918 ఏప్రిల్‌లో అమెరికా 'పిట్‌మన్ చట్టం' చేసింది. ఆ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించారు. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి బ్రిటన్‌కు అమ్మింది, ఇండియా అవసరాల కోసమే. ఆ వెండి బొంబాయి, కలకత్తా మింట్లకు చేరి ఐదో జార్జ్ బొమ్మ ఉన్న రూపాయలుగా మారింది.

అంటే మీ ఇంట్లో 1918, 1919, 1920 నాటి కల్దార్ ఉంటే, అందులో ఒకప్పటి అమెరికా డాలర్ వెండి ఉండే అవకాశం ఉందన్నమాట. మరోవైపు అమెరికాలో అన్ని డాలర్లు కరిగిపోవడంతో కొన్ని సంవత్సరాల మోర్గాన్ డాలర్లు అరుదైపోయాయి. కరిగించిన వాటి బదులు 1921 నుంచి మళ్లీ డాలర్లు కొట్టారు. 'పీస్ డాలర్' పుట్టింది కూడా ఆ ఏడాదే.

పాతదైతే చాలు.. లక్షలు వస్తాయా?

రావు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. నాణెం ధరను వయసు ఒక్కటే నిర్ణయించదు. అందులో ఎంత వెండి ఉంది, అలాంటివి ఎన్ని మిగిలాయి, అది ఏ స్థితిలో ఉంది, కొనేవాళ్లు ఎంతమంది ఉన్నారు.. ఈ నాలుగూ కలిసి ధర చెప్తాయి.

అమెరికా డాలర్‌నే తీసుకోండి. 1921లో మోర్గాన్ డాలర్లు 8 కోట్ల 60 లక్షలకు పైగా కొట్టారు. వందేళ్లు దాటినా అవి మామూలుగానే దొరుకుతాయి. అదే 1893లో శాన్ ఫ్రాన్సిస్కో మింట్ కొట్టింది కేవలం లక్ష. చిన్న 'ఎస్' అక్షరం ఉన్న ఆ ఒక్క డాలర్ కోసం సేకరించేవాళ్లు పోటీ పడతారు. అందుకే దానికి నకిలీలూ ఎక్కువే.

మన రూపాయల్లోనూ అంతే. 1911 నాటి ఐదో జార్జ్ రూపాయి ఒకటుంది. రాజు అంగీ మీద ఏనుగు బొమ్మ చెక్కారు. కానీ జనానికి అది పందిలా కనిపించింది. గొడవ కావడంతో నాణేలు వెనక్కి తీసుకుని, 1912లో డిజైన్ మార్చారు. అందుకే 1911 రూపాయికి డిమాండ్. అలాగే 1939 నాటి ఆరో జార్జ్ వెండి రూపాయి చాలా అరుదు. అదే 1912 నుంచి 1920 మధ్య వచ్చిన మామూలు కల్దార్లు మాత్రం కోట్లలో కొట్టారు.

మాతా వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణెం, ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటు.. వీటికి లక్షలంటూ వచ్చే వీడియోలు నమ్మకండి. అవి చేతులు మారుతూ అందరి దగ్గరా తిరిగినవే.

ముందు వెండి లెక్క వేసుకోండి

మీ నాణేనికి కనీస విలువ అందులోని వెండి. ఈ రోజు గ్రాము వెండి ధర చూసుకుని కింది బరువుతో గుణిస్తే సరిపోతుంది. అర్థం కావడానికి గ్రాము రూ.100 అనుకుందాం.

* చార్మినార్ రూపాయి (81.8 శాతం రకం): వెండి 9.14 గ్రాములు - రూ.914
* కల్దార్ (విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జ్): వెండి 10.69 గ్రాములు - రూ.1,069
* 1940 తర్వాతి ఆరో జార్జ్ వెండి రూపాయి: వెండి 5.83 గ్రాములు - రూ.583
* అమెరికా మోర్గాన్, పీస్ డాలర్ (బరువు 26.73 గ్రాములు, 90 శాతం): వెండి 24.06 గ్రాములు - రూ.2,406

నాణెం అరిగితే బరువు కొంచెం తగ్గుతుంది. ఎవరైనా ఈ లెక్క కంటే బాగా తక్కువ చెప్తే తొందరపడి అమ్మొద్దు. ఎవరైనా దీనికి వెయ్యి రెట్లు ఇస్తామంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

చేయకూడని పనులు ఇవే

* తోమొద్దు: చింతపండు, విబూది, టూత్‌పేస్ట్‌తో తళతళా మెరిపిస్తే బాగుంటుందని మనం అనుకుంటాం. కానీ సేకరించేవాళ్లకు కావాల్సింది ఏళ్ల తరబడి పట్టిన ఆ సహజమైన రంగే. గీతలు పడితే ధర పడిపోతుంది.

* రంధ్రం వేయొద్దు, రింగు అతికించొద్దు: దండలో గుచ్చిన వెండి రూపాయలు మన దగ్గర చాలా ఉన్నాయి. ఇప్పటికే గుచ్చినవాటికి చేసేదేం లేదు. కొత్తగా మాత్రం గుచ్చొద్దు. అతుకు పడిన నాణేనికి ఎక్కువగా వెండి ధరే వస్తుంది.

* అంచు పట్టుకోండి: వేళ్ల చెమట వెండి మీద మరక వేస్తుంది. ఒక్కో నాణేన్ని విడిగా కాగితంలో చుట్టి పెట్టండి.

నకిలీని పట్టేదెలా?

మొదట అయస్కాంతం పెట్టండి. వెండి అతుక్కోదు. అతుక్కుంటే అది నకిలీయే. అతుక్కోనంత మాత్రాన అసలుది అని కాదు. తర్వాత డిజిటల్ కాటా మీద తూకం వేయండి. చార్మినార్ రూపాయి 11.18, కల్దార్ 11.66 గ్రాములకు దగ్గరగా ఉండాలి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపించినా, పైన సూదిమొన కంత చిన్న గుంతలు ఉన్నా, అక్షరాలు మొద్దుగా ఉన్నా అచ్చు పోసినదని అనుమానించాలి. ఖరీదైన నాణేలైతే ప్రొఫెషనల్ సంస్థలతో గ్రేడింగ్ చేయిస్తారు. ఇందులో 1 నుంచి 70 దాకా మార్కులు ఉంటాయి. మామూలు రూపాయికి ఆ ఖర్చు దండగే.

ఫీజు కట్టమన్నారంటే మోసమే

మోసం ఎలా జరుగుతుందంటే.. మొదట మీ నాణెం ఫొటో అడుగుతారు. చూడగానే లక్షల్లో రేటు చెప్తారు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ, ఆర్బీఐ అనుమతి, కొరియర్ చార్జీ అంటూ ఒక్కొక్కటిగా డబ్బులు గుంజుతారు. చివరికి ఫోన్ స్విచాఫ్.

దీనిపై 2021 ఆగస్టులోనే రిజర్వ్ బ్యాంక్ జనాన్ని హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తమకు సంబంధం లేదని, అలాంటి వాటికి ఎలాంటి చార్జీలు, కమీషన్లు అడగమని తేల్చి చెప్పింది. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. అమ్మేవాడు మీరు. డబ్బు మీకు రావాలి, మీ నుంచి పోకూడదు. ఇప్పటికే మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

చట్టం ఏం చెప్తోంది?

ఇంట్లో తరతరాలుగా ఉన్న నాణేలు మీవే. కానీ పొలం దున్నేటప్పుడో, పునాది తవ్వేటప్పుడో నాణేల కుండ దొరికితే మాత్రం సంగతి వేరు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం అధికారులకు చెప్పాల్సిందే. దాచిపెట్టినా, కరిగించినా కేసు అవుతుంది.

వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది. అలాంటివాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్స్ ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న కొడుక్కో, బిడ్డకో గుర్తుగా ఒక పాత రూపాయి కొరియర్ చేద్దాం అనుకునేవాళ్లు ఈ విషయం మర్చిపోవద్దు.

అమ్మాలనుకుంటే ఇలా చేయండి

ముందు రెండు వైపులా స్పష్టంగా ఫొటోలు తీసి, బరువు, సంవత్సరం రాసి పెట్టుకోండి. లైసెన్స్ ఉన్న డీలర్లు, వేలం సంస్థలు, హైదరాబాద్‌లో జరిగే నాణేల ప్రదర్శనల్లో కనీసం ముగ్గురిని అడగండి. అడగడానికి డబ్బులు తీసుకునేవాళ్ల దగ్గర ఆగొద్దు. నాణెం మీ చేతిలో ఉండగానే బేరం పూర్తి కావాలి. రసీదు తప్పకుండా తీసుకోండి.

అమ్మే ముందు ఒకసారి హైదరాబాద్ వెళ్లి చూసి రావడం కూడా మంచిదే. సైఫాబాద్ పాత మింట్‌లో 2022 నుంచి మ్యూజియం ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో శాతవాహనుల నుంచి నిజాంల దాకా నాణేలు ఉన్నాయి. మీ చేతిలో ఉన్నదేంటో అక్కడ చూస్తే సగం అర్థమవుతుంది.

అన్నీ చూశాక మీ చార్మినార్ రూపాయికి వెండి ధర కంటే పెద్దగా రాదని తేలొచ్చు. చాలావాటి విషయంలో అదే జరుగుతుంది. అప్పుడు ఆ వెయ్యి రూపాయల కోసం కరిగించాలా, లేక అది ఎవరు దాచిందో ఒక చీటీ మీద రాసి మళ్లీ ఆ మూటలోనే పెట్టాలా అన్నది ఇంట్లోవాళ్లు కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఒకసారి కరిగితే మాత్రం మళ్లీ రాదు.