జాతి పుంజు కోపం – పెంపకందారు బాధ్యత

వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ కొబ్బరి తోటలతో నిండిన రాజోలు సీమలో జాతికోళ్ల పెంపకం తరతరాలుగా చేతులు మారుతూ వచ్చిన విద్య. ఈ ప్రాంతంవారు జాతికోడి, పందెంకోడి అని పిలిచే పక్షి శాస్త్రగ్రంథాల్లో అసీల్‌గా ప్రసిద్ధం. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీనిని ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల దేశవాళీ జాతిగా నమోదు చేసింది. సంక్రాంతి బరుల కారణంగా ఈ కోడికి ఎంత పేరు వచ్చిందో, దాని స్వభావాన్ని గురించిన అపోహలు కూడా అంతగానే వ్యాపించాయి. పుంజు కోపాన్ని పౌరుషంగా భావించి రెచ్చగొట్టేవారు ఒకవైపు, అది లొంగని గుణమని విడిచిపెట్టేవారు మరొకవైపు ఉండగా, ఆ కోపానికి కారణాలు తెలిసినవారికి దానిని అదుపులో ఉంచడం సాధ్యమేనన్న సంగతి మరుగున పడుతోంది.

అసీల్ పుంజు సాధారణంగా మూడు నుంచి నాలుగు కిలోలు, పెట్ట రెండు నుంచి మూడు కిలోలు తూగుతాయి. పొడవైన మెడ, నిటారుగా నిలిచే ఒడ్డు, బలమైన కాళ్లు, శరీరాన్ని బిగుతుగా అంటిపెట్టుకున్న ఈకలు, నెత్తిన అణిగి ఉండే చిన్న తురాయి దీని గుర్తులు. గోదావరి జిల్లాల్లో ఈకల రంగును బట్టి కాకి, డేగ, నెమలి, సేతు, మైల వంటి పేర్లతో వీటిని గుర్తిస్తారు. కుక్కుటశాస్త్రం పేరుతో ప్రచారంలో ఉన్న పుస్తకాలు ఈ రంగులను తిథివారాలతో ముడిపెట్టి జయాపజయాలను లెక్కగడతాయి గాని, సంతానోత్పత్తికి పుంజును ఎంచుకొనేవారు చూడవలసింది రంగుకంటే ముందు ఆరోగ్యాన్ని, స్వభావాన్ని.

కోపానికి మూలాలు

పుంజు కోపానికి మొదటి కారణం వంశపారంపర్యం. ఓడినా వెనుదిరగని పుంజులనే శతాబ్దాలపాటు ఎంచి వాటి సంతతిని పెంచడం వల్ల, అసీల్ పిల్లలు కొద్ది వారాల వయసులోనే ఒకదానితో ఒకటి తలపడతాయి. రెండవది హార్మోన్ల ప్రభావం. అయిదారు నెలలకు వృషణాలు ఎదిగి టెస్టోస్టిరాన్ పెరగగానే కూత మొదలవుతుంది, దానితోపాటు తన పెట్టలను, తావును కాపాడుకొనే తత్వమూ బలపడుతుంది. మూడవది మందలోని అంతస్తుల క్రమం. ఏ కోడి ఏ కోడిని పొడవవచ్చునో మందలో ఒక వరుస ఏర్పడి ఉంటుందని నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డరప్ ఎబ్బె 1920ల ఆరంభంలో వివరించాడు. కొత్త పుంజును హఠాత్తుగా మందలో వదిలినప్పుడు ఆ వరుస చెదిరి పోట్లాటలు రేగుతాయి.

మనిషిపైకి దూకే పుంజు సాధారణంగా ముందే సూచన ఇస్తుంది. ఒక రెక్కను కిందికి వాల్చి పక్కవాటంగా అడుగులు వేయడం, మెడ ఈకలను గొడుగులా విప్పడం, తల వంచి కళ్లలోకి సూటిగా చూడడం ఆ సూచనలు. ఆ దశలో భయపడి పరుగెత్తితే పుంజు తానే గెలిచానని నేర్చుకుంటుంది. కర్రతో కొడితే మనిషిని ప్రత్యర్థిగా గుర్తుంచుకుంటుంది. కదలకుండా నిలబడి, దాని ఉధృతి తగ్గాక రెక్కలను ఒంటికి అదిమి చంకలో ఇరికించుకొని, కొంతసేపు నెమ్మదిగా నడిచి దించడం మేలైన పద్ధతి. పిల్లదశలో చేతితో పొడిపించి ఆడించడం సరదాగా కనిపించినా, అదే తరువాత దాడికి శిక్షణ అవుతుంది. కాలి వెనుక ఎదిగే ముల్లు మొనను మాత్రమే, లోపలి జీవమున్న భాగానికి తగలకుండా అరగదీయాలి. చిన్నపిల్లల కంటికి ప్రమాదం కనుక కోపిష్ఠి పుంజు తిరిగే చోటికి వారిని ఒంటరిగా పంపరాదు. ముల్లు లోతుగా దిగితే గాయాన్ని సబ్బునీటితో కడిగి, ధనుర్వాతపు టీకా కోసం వైద్యుని సంప్రదించాలి.

వసతి, సంతానోత్పత్తి

ఎదిగిన పుంజులను ఒకదానికొకటి అందనంత దూరంలో విడివిడిగా ఉంచడం, గంపల కింద మూయడం కోనసీమలో వాడుక. కట్టివేసిన పుంజు రోజంతా ఎదుటి పుంజును చూస్తూ ఉంటే కోపం చల్లారదు కనుక, నడుమ తడిక అడ్డుపెట్టి, రోజులో కొంతసేపైనా విడిగా తిరగనివ్వడం మంచిది. మందలో ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చొప్పున ఉంచి, మేతను, నీటిని రెండు మూడు చోట్ల పెడితే తగవులు తగ్గుతాయి. వానలకు, గోదావరి వరదలకు నేల చెమ్మగిల్లే ఈ సీమలో గూడు ఎత్తుగా, పరుపు పొడిగా ఉండాలి. చెమ్మలో కాక్సిడియోసిస్ అనే పరాన్నజీవి వ్యాధి ప్రబలి పిల్లలు రక్తపు రెట్టతో చనిపోతాయి. రాణిఖేత్ అనబడే కొక్కెర తెగులుకు చికిత్స లేదు కనుక, పశువైద్యుని సలహాతో మొదటి వారంలోనే టీకా ప్రారంభించాలి.

అసీల్ పెట్ట గుడ్లు తక్కువగా పెట్టినా పొదగడంలో, పిల్లలను కాయడంలో సాటిలేనిది. వారం లోపు గుడ్లను పది, పన్నెండు ఎంచి పొదగవేస్తే 21వ రోజుకు పిల్లలవుతాయి. పుంజును మార్చినప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి: పెట్ట తన దేహంలో పుంజు వీర్యాన్ని రెండు, మూడు వారాలపాటు నిలువ ఉంచుకోగలదు కనుక, పాత పుంజును తీసివేసిన తరువాత సుమారు నాలుగు వారాల గుడ్లను పొదగవేయకుండా వంటకు వాడుకుంటేనే పిల్లల తండ్రి ఎవరన్నది నిశ్చయమవుతుంది. తోబుట్టువుల మధ్య జతకట్టించడం మానుకోవాలి; యజమానిపై దూకే పుంజు ఎంత అందంగా ఉన్నా దాని సంతతిని పెంచరాదు.

ఎంపిక మారితే జాతి దారి మారుతుందనడానికి చరిత్రలో తార్కాణాలున్నాయి. ఫ్రాన్సులోని మారాన్ రేవుకు ఓడలపై వచ్చిన పోరు పుంజులు స్థానిక పెట్టలతో కలవగా ఏర్పడిన సంతతిని గుడ్డు రంగు కోసం ఎంపిక చేసినందువల్ల, ముదురు చాక్లెట్ రంగు గుడ్లకు పేరొందిన మారాన్ జాతి స్థిరపడింది. అసీల్ రక్తంతో ఇంగ్లండులో రూపొందిన కార్నిష్ జాతి, మాంసపు కోడిగా మారి నేటి బ్రాయిలర్లకు మూలాధారమైంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం అసీల్ నుంచే పెరటి పెంపకానికి అనువైన వనశ్రీని తీర్చిదిద్దింది.

జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం; కోడిపందేలను అరికట్టాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నాటి ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో అధికారులను ఆదేశించింది. కత్తి కట్టిన పుంజు నిమిషాల్లో నేలకొరుగుతుంది, దానితోపాటు ఏళ్ల తరబడి కూర్చిన మేలైన వంశమూ అంతరిస్తుంది. రాజోలు సీమ పెంపకందారుల చేతిలో ఉన్న నైపుణ్యం బరికి పుంజులను సిద్ధం చేయడంతో వృథా కాకూడదు. మేలైన, నెమ్మదైన పుంజులను ఎంచి, వాటి వంశాన్ని రాసి ఉంచి, పిల్లలను తోటి రైతులకు అందించడమే ఈ జాతికి వారు చేయగల నిజమైన సేవ.