ఊరి మురుగునీరు: అపోహలు, వాస్తవములు

2019వ సంవత్సరమున ఆరంభమైన జలజీవన్ మిషన్ గ్రామమునందలి ప్రతి మనిషికిని దినమునకు 55 లీటర్ల కుళాయినీరు అందవలెనని నియమించినది. అట్లు గడపలోనికి వచ్చిన నీటిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు, స్నానము, ఉతుకులు, అంట్లు ముగిసిన పిదప, మరల గడప వెలుపలికి వచ్చుననుట మాత్రము మన పల్లెలు తగినంతగా తలపోయలేదు.

“స్నానపు నీరే గదా, వీధిలో పారిన నేమి?”

పారినంతసేపు అంత హాని లేదు. పల్లమున నిలిచినప్పుడే చిక్కు. సబ్బుమడ్డి, మెతుకులు, నూనెజిడ్డు కలిసి నల్లబడిన మడుగే బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్సు దోమకు పుట్టినిల్లు. పెరటిలో ఇంకుడుగుంత త్రవ్వి, అడుగున పెద్దరాళ్లు, వానిపై కంకర, ఆపైన ఇసుక పరచి, దానికి ముందు జిడ్డును చెత్తను ఆపు చిన్న తొట్టిని కట్టినచో ఆ నీరు ఇంటి హద్దు దాటదు. తొట్టిని తరచుగా కడుగనిచో జిడ్డు ఇసుకపై పొరగట్టి నీరు ఇంకుట మానును. గుంతలు పనికిరావన్న అపవాదునకు పెక్కుచోట్ల ఈ అశ్రద్ధయే మూలము. నీరు మెల్లగా ఇంకు నల్లరేగడి నేలలో మాత్రము గుంతను నమ్ముకొనుటకంటె అరటిపాదులకు మళ్లించుట మేలు.

“సెప్టిక్ ట్యాంకు నుండి వచ్చునది శుద్ధజలమే.”

అన్నిటికంటె ప్రమాదకరమైన భ్రమ యిదియే. సిమెంటు గోడల నడుమ మలినమంతయు నశించునని నమ్మి, ట్యాంకు గొట్టమును నిర్భయముగా వీధికాలువలోనికి విడుచు గృహస్థులు ఎందరో కలరు. ట్యాంకు చేయగలిగినది బరువైన మడ్డిని అడుగునకు దించి, అందు కొంత జీర్ణింపజేయుట మాత్రమే. అతిసారమును, కామెర్లను కలిగించు సూక్ష్మజీవులు బయటికి వచ్చు నీటితోపాటు సజీవముగా వెలువడును. కావున ఆ నీరు మంచినీటి బావికి దూరమున త్రవ్విన ఇంకుడుగుంతకే పోవలెను. మడ్డిని రెండు మూడేండ్ల కొకసారి యంత్రముతో తోడించవలెను. రక్షణ సాధనములు లేక మనిషిని లోనికి దింపుట 2013 నాటి చట్టము నిషేధించిన నేరము. అందలి విషవాయువు చేత కూలివాండ్రు ప్రాణములు గోల్పోవుచుండగా మనము అలవాటుగా చూచుచుండుట క్షమింపరానిది.

“మరుగుదొడ్డి గుంతలోనిది ఎన్నటికిని అశుద్ధమే.”

జంటగుంతల మరుగుదొడ్డిలో ఒక గుంత నిండగనే రెండవదానికి మళ్లించి, మొదటిదానిని ఏడాది, వీలైనచో రెండేండ్లు, కదపక మూసియుంచినచో, తేమ నేలలోనికి ఇంకి, మలము దుర్గంధము లేని పొడిమట్టియగును. 2017 ఫిబ్రవరిలో కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లిలో అట్టి గుంతలోనికి తానే దిగి, ఎరువును వెలికితీసి చూపెను. ఏకకాలమున రెండు గుంతలకును దారి విడుచు మేస్త్రీ పనితనము వలన ఈ ఫలము దక్కక పోవుచున్నది.

“శుద్ధికి యంత్రములు, విద్యుత్తు లేనిదే సాగదు.”

నగరమునకు ఇది చాలవరకు నిజము. స్థలము గల పల్లెకు కాదు. వరుసగా త్రవ్విన కుంటలలో, లోతైన మొదటిదానియందు మడ్డి దిగి కుళ్లును, రెండవదానియందు ఎండకు పెరిగిన నాచు ప్రాణవాయువును విడువగా సూక్ష్మజీవులు మలినమును భక్షించును, లోతు తక్కువయైన కడపటిదానియందు రోగకారకములు ఎండకే చాలవరకు నశించును. పంజాబులో కాలీ బేయీ నదిని బాగుచేయ బూనిన బల్బీర్ సింగ్ సీచేవాల్ స్వగ్రామమున ఇట్టి కుంటల నీటినే పొలములకు మళ్లించెను. కుంటలలో పెరుగు గుర్రపుడెక్కను ఎప్పటికప్పుడు తీయించుట పంచాయతీ పని. ఆ నీటిని పచ్చిగా తిను కూరలకు పెట్టరాదు; పశుగ్రాసమునకును కలపచెట్లకును పెట్టవచ్చును.