రెండో కార్బురేటర్

1959 మోడల్‌గా బయటికొచ్చిన ట్రయంఫ్ బోనవిల్ మోటార్‌సైకిల్‌లో ఇంజను కొత్తదేమీ కాదు. 649 సీసీ, పక్కపక్కన నిలబడ్డ రెండు సిలిండర్లు, టైగర్ 110లో అప్పటికే పరుగులు తీస్తున్నదే. పైకి కనిపించే కొత్తదనమల్లా రెండో కార్బురేటర్. ఇంగ్లండులో కొవెంట్రీ పక్కనున్న మెరిడెన్ ఫ్యాక్టరీ ఈ బండికి టి120 అని పేరు పెట్టింది. గంటకు 120 మైళ్లు కొడుతుందని ధీమా. బోనవిల్ అమెరికాలోని ఒక ఉప్పు మైదానం. 1956లో జానీ అలెన్ అక్కడ ట్రయంఫ్ ఇంజను పెట్టిన పొడవాటి తొడుగు బండిలో 214 మైళ్ల వేగం అందుకున్నాడు. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. కంపెనీ మాత్రం పేరు వదులుకోలేదు.

అసలు ఈ ఇంజనుకు ఒక్క కార్బురేటర్ సరిపోతుంది. 1937లో ట్రయంఫ్ డిజైనర్ ఎడ్వర్డ్ టర్నర్ 500 సీసీ స్పీడ్ ట్విన్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇది: రెండు పిస్టన్లూ కలిసే పైకి వెళ్తాయి, కలిసే కిందికి దిగుతాయి, కానీ ఒకటి గాలి పీల్చేటప్పుడు రెండోది పేలుతుంది. అంటే ఒక చుట్టు ఒకరిది, మరుసటి చుట్టు ఇంకొకరిది. ఒకే కార్బురేటర్ వంతులవారీగా ఇద్దరికీ పెట్టగలదు. రెండోది తగిలిస్తే ఒక్కో సిలిండర్‌కీ సొంత దారి దొరుకుతుంది. ఆ లాభం తెలిసేది యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు. ఊళ్లో, కొండ రోడ్డు మీద, సగం థ్రాటిల్‌లో తేడా చెప్పడం కష్టం. ఇదే ఇంజను ఒక్క కార్బురేటర్‌తో ట్రోఫీ టిఆర్6 పేరుతోనూ అమ్ముడైంది. 1963 నాటి ‘ది గ్రేట్ ఎస్కేప్’ సినిమాలో జర్మన్ బండి వేషం వేసుకుని కంచె దూకింది ఆ టిఆర్6యే.

కార్బురేటర్ సూత్రం అప్పటికే పాతది. 1893 ప్రాంతంలో హంగరీలో బాంకి, చోంకా, జర్మనీలో మేబాఖ్ దాదాపు ఒకేసారి పట్టుకున్నారు. గొట్టం ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం పడిపోతుంది, సన్నని జెట్ లోంచి పెట్రోలు పైకి లేచి తుంపరవుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ లెక్కను స్లోలోనూ, ఫుల్ రేజ్‌లోనూ తప్పకుండా నిలబెట్టడమే అసలు తలనొప్పి. బోనవిల్ కార్బురేటర్లు చేసిన బర్మింగ్‌హామ్ ఆమల్ కంపెనీ దాన్ని పంపకం వేసింది. థ్రాటిల్ ఎనిమిదో వంతు తెరుచుకునేదాకా పైలట్ జెట్, పావు వంతు దాకా స్లైడుకు గాలి వచ్చే వైపు కోసిన ఏటవాలు, అక్కణ్నుంచి ముప్పావు దాకా సూది, ఆపైన మెయిన్ జెట్. కాబట్టి స్లోలో బండి ఆగిపోతోందని మెయిన్ జెట్ మార్చేవాడికి పని రాదన్నమాట.

బోనవిల్ తొలి మోడల్‌లో రెండు కార్బురేటర్లకూ కలిపి ఒకే ఫ్లోట్ గిన్నె, మధ్యలో వేలాడేది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు, మలుపుల్లో పెట్రోలు అటూ ఇటూ ఊగి సరఫరా తప్పేది. తర్వాత ఎవరి గిన్నె వాళ్లకిచ్చారు.

బిగించడంలోనే సగం తప్పులు జరుగుతాయి. ఆమల్ బాడీ జింక్ మిశ్రమం, మెత్తన. ఫ్లాంజ్ నట్లు బలం చూపించి బిగిస్తే రెండు చివర్లూ వంగి మధ్యలో సందు ఏర్పడుతుంది. ఆ సందులోంచి దొంగగాలి చేరి ఆ ఒక్క సిలిండర్‌ మిక్స్చర్ పలచబడుతుంది. ఒక ప్లగ్ గోధుమరంగులో, రెండోది తెల్లగా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే. అద్దం ముక్క మీద ఉప్పుకాగితం పరిచి ఫ్లాంజ్‌ను చదును చేయడం పాత మెకానిక్కుల వైద్యం. స్లైడు కూడా అదే లోహం కావడంతో బాడీతో రాసుకుని రెండూ అరుగుతాయి. అరిగిన జోడీని ఏ స్క్రూ తిప్పీ దారికి తేలేం.

ట్యూనింగ్‌కి ముందు వాల్వ్ గ్యాపులు, రెండు సిలిండర్ల టైమింగూ సరిగ్గా ఉన్నాయో చూసుకోవాలి. కార్బురేటర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇగ్నిషన్‌వే. ఇంజను వేడెక్కాక ఒక ప్లగ్ వైరు తీసి ఎర్త్ చేసి, రెండో సిలిండర్ మీదే నడిపించాలి. దాని ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వదిలి, అక్కణ్నుంచి అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పుతూ ఇంజను ఎక్కడ సాఫీగా, వేగంగా తిరుగుతుందో చెవితో పట్టుకోవాలి. ఆమల్‌లో ఈ స్క్రూ గాలిది. లోపలికి తిప్పితే పెట్రోలు పాళ్లు పెరుగుతాయి. ఇది తిరగేసి అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. స్టాప్ స్క్రూతో స్లో తగ్గించి, అవతలి సిలిండర్‌కీ ఇదే పని. రెండు వైర్లూ పెట్టగానే ఇంజను ఎగబాకుతుంది. అప్పుడు రెండు స్టాప్ స్క్రూలనూ సమానంగా తగ్గించాలి.

తర్వాత కేబుళ్లు. హ్యాండిల్ నుంచి వచ్చే ఒక్క కేబుల్ మధ్యలో రెండుగా చీలుతుంది. ఇంజను ఆపి ఫిల్టర్లు ఊడదీసి, రెండు స్లైడ్ల కిందా ఒకే లావు డ్రిల్ బిట్లను జొనిపి స్లైడ్ల బరువుతో నిలబెడతారు. గ్రిప్ వెంట్రుకవాసి తిప్పితే రెండు బిట్లూ ఒకేసారి జారాలి. ఒకటి ముందు పడితే ఆ వైపు స్లైడు ముందు లేస్తోందని లెక్క. అలా వదిలేస్తే, స్లోలో ఎంత చక్కగా పలికినా, రోడ్డెక్కగానే బండి కుదుపుతుంది. మన దగ్గర 1980ల్లో తిరిగిన రాజ్‌దూత్ 350 టూ-స్ట్రోక్ ట్విన్‌కు రెండు మికునీ కార్బురేటర్లతో పాటు ఆయిల్ పంపు కేబుల్ కూడా ఇదే గ్రిప్‌కు కట్టి ఉండేది. అందులో పొరపాటు పిస్టన్ దాకా పోయేది.

నా మట్టుకు రోజూ తిప్పే బండికి టిఆర్6 నయం. కానీ జనం మనసు బోనవిల్ మీదే. హింక్లీ ఫ్యాక్టరీలో కొత్తగా పుట్టిన బోనవిల్‌కు 2000ల చివర్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టినప్పుడు, కొనేవాళ్ల కోసం ఇంజెక్టర్లను రెండు కార్బురేటర్ల ఆకారంలో పోతపోసిన థ్రాటిల్ బాడీల్లో దాచారు. కింద గిన్నెలున్నట్టే కనిపిస్తాయి. వాటిలో ఫ్లోట్ లేదు, జెట్ లేదు.