కరెంటు తిరిగి వచ్చాక కంటైనర్ తనంతట తానే లేవాలంటే

చంద్రపూర్‌లో 2,920 మెగావాట్ల ఔష్ణిక విద్యుత్ కేంద్రం ఉన్నది. అయినా దీపం కింద చీకటి అన్నట్లు, రాజురా, జివతి ప్రాంతాల సరిహద్దు పల్లెలకు గాలివానలో కరెంటు పోవడం కొత్త కాదు. ఇంట తెలుగు, బడిలో మరాఠీ చదివే పిల్లల కోసం ఊరి బడిలో ఒక కంప్యూటరు ఉన్నదనుకుందాం. ఇంటర్నెట్ లేకుండానే రెండు భాషల వికీపీడియానూ చూపగల 'కివిక్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేరు అందులో నడుస్తున్నది. రాత్రి కరెంటు పోయి వేకువన వచ్చింది. పిల్లలు వచ్చేసరికి అది సిద్ధంగా ఉంటుందా, లేక తెలిసినవారు పట్నం నుంచి రావలసిందేనా?

సాఫ్ట్‌వేరును దానికి కావలసిన సరంజామాతో సహా ఒకే మూటగా కట్టి నడిపే పద్ధతికి కంటైనర్ అని పేరు. 2013లో వెలువడిన 'డాకర్' దీనిని వ్యాప్తిలోకి తెచ్చింది. కంటైనర్ ఆగితే ఏమి చేయాలో 'రీస్టార్ట్' అనే ఎంపిక ద్వారా డాకర్‌కు ముందే చెప్పవచ్చు. ఇందులో నాలుగు విధానాలున్నాయి.

నో: ఆగితే ఆగినట్లే. మనమేమీ చెప్పకపోతే డాకర్ పాటించేది ఇదే.

ఆన్-ఫెయిల్యూర్: లోపంతో ఆగినప్పుడే మళ్లీ లేపుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించాలో పరిమితి కూడా పెట్టవచ్చు. కాని కరెంటు కోతకు ఇది ఆధారపడదగినది కాదు.

ఆల్వేస్: ఏ కారణంతో ఆగినా లేపుతుంది. మనమే ఆపిన కంటైనర్‌ను సైతం డాకర్ మళ్లీ మొదలైనప్పుడు లేపుతుంది.

అన్‌లెస్-స్టాప్డ్: ఇదీ అటువంటిదే, అయితే మనం కావాలని ఆపినదాన్ని మాత్రం ముట్టుకోదు. పరీక్షల వేళ ఉపాధ్యాయుడు ఆపితే, మధ్యలో కరెంటు పోయి వచ్చినా అది ఆగే ఉంటుంది. బడికి ఇదే తగినది.

అయితే ఇది గొలుసులో చివరి లంకె మాత్రమే. కరెంటు రాగానే కంప్యూటరు ఆన్ అయ్యేట్లు బయోస్‌లో అమర్చాలి. కంప్యూటరుతోపాటు డాకర్ సేవ మొదలయ్యేట్లు చూడాలి. ఆ తరువాతే కంటైనర్ వంతు. ఏ లంకె తెగినా మిగిలినవి వృథా.

మళ్లీ లేపడం చికిత్స కాదని కూడా గ్రహించాలి. జ్వరంతో పడుకున్న పిల్లవాడిని తట్టి లేపితే జ్వరం తగ్గదు కదా! హఠాత్తుగా కరెంటు పోయి ఫైలు పాడైతే, కంటైనర్ లేస్తూ పడుతూనే ఉంటుంది. అందుకే డాకర్ మొదట 100 మిల్లీసెకన్లు ఆగి, ప్రతిసారీ ఆ వ్యవధిని రెట్టింపు చేస్తూ ఒక నిమిషం వరకు పెంచుతుంది. అటువంటప్పుడు కంటైనర్ లాగ్ చదివి కారణం వెతకాలి.

అమరిక పూర్తయిన నాడే ఒక పరీక్ష చేయండి. కంప్యూటరును పద్ధతిగా షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్చి ఆపి, ఒక నిమిషం తరువాత వేయండి. మీ చేయి తగలకుండానే వికీపీడియా పుట తెరుచుకున్నదా? ఇక వానాకాలానికి భయపడనక్కరలేదు.