కోలారు బంగారు గనుల సీమలో పిల్లలతో కాలినడక

చిత్తూరు జిల్లాకు పొరుగుననున్న కోలారు జిల్లాలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఆ జిల్లాలోని బంగారు గనులు 2001వ సంవత్సరమున మూతపడినవి. నాటి పిమ్మట పుట్టిన మన పిల్లలకు గని యనగా పుస్తకమున చదువుకొను మాటయే గాని కంటితో చూచిన వస్తువు కాదు. సెలవు దినములలో తల్లిదండ్రులు వారిని వెంటబెట్టుకొని ఆ సీమలో ఒకటి రెండు దినములు నడచినచో, ఆ నేలయే వారికి పాఠము చెప్పగలదు. అయితే ఆ నేల యంతయు నిరపాయకరమైనది కాదు. పిల్లలను మిక్కిలి ఆకర్షించు స్థలమే వారిని దూరముగా నుంచవలసిన స్థలము. ఎచ్చట నడువవచ్చును, ఎచ్చట నిలిచి చూచి మరలవలెను అను విషయమును వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చరిత్ర సంగ్రహము

1802లో సర్వే పనిమీద వచ్చిన జాన్ వారెన్ అను సైనికోద్యోగి, ఊరిగాము, మారికుప్పము పల్లెల ప్రజలు మన్ను కడిగి బంగారు రేణువులు తీయుటను చూచి వ్రాసిపెట్టెను. దీనిని బట్టి దొరల కంపెనీలు రాకపూర్వమే ఇచ్చటి పల్లెజనులకు ఈ విద్య తెలిసియుండెనని స్పష్టమగుచున్నది. 1880లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించిన పిమ్మట గనులు పెద్ద ఎత్తున సాగినవి. 1902లో కావేరీ నదిపై శివసముద్రమున పుట్టించిన విద్యుచ్ఛక్తి సుమారు 147 కిలోమీటర్లు తీగలమీద ప్రయాణము చేసి ఈ గనులకు చేరెను. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది అటుతరువాత, 1905లో.

1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొనెను. 1962లో అవి కేంద్ర ప్రభుత్వము చేతికి వచ్చెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడెను. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. ఆ లోతున రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటుటచే, చల్లబరచిన గాలిని పంపనిదే మనుష్యులు పనిచేయజాలకపోయిరి. పైనున్న భూభారముచే రాయి హఠాత్తుగా పగిలి ఎగజిమ్ముట ఇచ్చటి కార్మికులకు తరతరముల భయము. అంతటి లోతు శాస్త్రజ్ఞులకు మాత్రము వరమైనది. 1965లో టాటా మూల పరిశోధనా సంస్థవారు జపాను, ఇంగ్లండు దేశముల సహచరులతో గూడి, ఆకాశమునుండి వచ్చు కిరణములవలన పుట్టెడి న్యూట్రినోలను ఈ గనిలోపల గుర్తించిరి.

గనిలోపలి కార్మికులలో అధికులు ఉత్తర ఆర్కాడు, సేలము జిల్లాల నుండి వచ్చిరని చరిత్రకారులు వ్రాయుదురు. ఇచ్చట మన పరిశోధకులు ఒక సంగతిని గమనింపవలెను. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అంతవరకు చిత్తూరు, పలమనేరు మున్నగు తాలూకాలు ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివే. కాబట్టి పూర్వపు పత్రములలో ఉత్తర ఆర్కాడు కూలీలని కనబడినంతమాత్రమున వారందరును తమిళులే యని తలపరాదు. తమిళులు, తెలుగువారు, కన్నడిగులు ఒకే పంజరమున గనిలోనికి దిగినవారే.

నడచుటకు తగిన త్రోవలు

మొదటిది రైలు ప్రక్కనున్న త్రోవ. బంగారుపేట జంక్షను నుండి కోరమాండలు, ఊరిగాము, ఛాంపియన్ స్టేషనుల మీదుగా మారికుప్పము వరకు ఒక చిన్న శాఖామార్గము కలదు. 1894లో గనుల కొరకు వేసిన ఈ మార్గమున నేటికిని బెంగుళూరునకు రాకపోకలు చేయు ఉద్యోగులు ప్రయాణము చేయుచున్నారు. ఇందలి చివరి స్టేషనులు దగ్గరదగ్గరగా నున్నవి. అందుచే ఒక స్టేషనులో దిగి, పట్టాలమీదుగా గాక ప్రజలు తిరుగు బాటవెంట నడచి, వేరొక స్టేషనులో రైలెక్కునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. రైళ్లు కొద్ది గనుక వేళలు ముందే తెలిసికొనవలెను. త్రోవపొడవునను కార్మికుల వరుస యిండ్లు, దొరల బంగళాలు, గుడులు, చర్చీలు కనబడును. గనినోటిపై నిలిపిన ఇనుప గోపురములు కొన్ని దూరమునుండి అగపడును. వాని చక్రములపై తిరిగిన ఉక్కు త్రాళ్లే మనుష్యులను దింపినవి, రాతిని పైకి తెచ్చినవి.

రెండవది బేతమంగళము చెరువుగట్టు. పాలారు నదిపైనున్న ఈ జలాశయమునుండియే గనులకు, గని ఊళ్లకు మంచినీరు సరఫరా అయినది. ఇచ్చటికి బస్సుమీద వెళ్లి సాయంకాలము గట్టుమీద నడచుట చిన్నపిల్లలకును, వృద్ధులకును అనుకూలము. వాన చాలని ఏట నీరు తగ్గియుండును. ఈ పాలారు ఇచ్చటినుండి కుప్పము ప్రాంతమును దాటి తమిళనాడునకు పోవును. ఒక్క నది మూడు రాష్ట్రములను కలుపుటను పిల్లలు పటముమీద వ్రేలితో గీచి చూచినచో మరువరు.

మూడవది పెద్దపల్లి రాళ్లు. పేరుననే తెలుగు పలుకుచున్న ఈ గ్రామముకడ అగ్నిపర్వతములనుండి వెలువడిన శిలలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకముగా ప్రకటించినది. కరిగిన రాయి నీటిలో పారి గడ్డకట్టినప్పుడు దిండ్లవలె గుండ్రని ఆకారములు ఏర్పడును. కోలారు సీమలోని ఈ జాతి శిలల వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరములు. బంగారు తీగలు ఈ ప్రాచీన శిలలలోనే దాగియున్నవి. ఇచ్చట చూచుటయే గాని, రాయి పగులగొట్టుటయు జ్ఞాపకార్థము ముక్క తెచ్చుకొనుటయు తగదు.

ఈ సీమ సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల ఎత్తున నున్నది. కార్తీకము మొదలు మాఘము వరకు గల చలిదినములే నడకకు అనుకూలము. దారిలో నీడ కొద్ది గనుక ప్రొద్దుటి పూటనే నడక ముగించి, చాలినంత నీరు వెంట నుంచుకొనవలెను. ఐదారేండ్ల బిడ్డలకు రెండు మూడు కిలోమీటర్లు చాలును.

దూరముగా నుండవలసిన స్థలములు

ఊళ్ల నడుమ ఇసుక కొండలవలె తెల్లగా లేచియున్న దిబ్బలు ఈ సీమకు గుర్తు. వీనిని జనులు సైనైడు దిబ్బలందురు. గనిరాతిని మెత్తగా నూరి, నీటితో కలిపి, సైనైడు ద్రావణమున బంగారము కరగునట్లు చేసి, ఆ ద్రావణమునుండి బంగారమును వేరు చేసెడివారు. పోగా మిగిలిన పిండి ఈ దిబ్బలైనది. వీనిలో సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు కలదని అంచనా. ఇందు మిగిలియున్న కొద్ది బంగారమును తీయించుటకై 13 దిబ్బలను వేలము వేయవలెనన్న కేంద్ర ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గము 2024 జూనులో సమ్మతించినది.

ఏటవాలుగా, మెత్తగా నుండు ఈ దిబ్బలను చూడగనే పిల్లలు ఎక్కి జారవలెనని కోరుదురు. చలనచిత్రములు కూడ ఇచ్చట తీయబడుటచే పెద్దలకును ఛాయాచిత్రముల మోజు కలుగును. ఎక్కరాదు. ఆ పొడిలో సన్నని సిలికా ధూళియు, రసాయన శేషములును కలవు. రాతిధూళి పీల్చుటచేతనే గని కార్మికులు ఊపిరితిత్తులు గట్టిపడు సిలికోసిస్ వ్యాధికి లోనైరి. గాలి వీచు దినమున దిబ్బల దాపున నడువనే వలదు. వాని ప్రక్క గుంటలలోని నీటిని తాకరాదు. వానకు కోసుకొనిపోయిన అంచులు కాలి క్రింద కూలును.

రెండవ అపాయము పాత గని నోళ్లు. పని ఆగిన పిమ్మట లోపలి నీటిని తోడువారు లేక గనులు నీటితో నిండినవి. కంచె యున్న ప్రతిచోటను వెలుపలనే నిలువవలెను. కంచె విరిగియున్నంతమాత్రమున త్రోవ యున్నదని తలపరాదు. గని సంస్థ భూములలోనికి అనుమతి లేక ప్రవేశింపరాదు. పిల్లల చేయి విడువక, ఊరివారు నిత్యము నడచు బాటనే నడచిన యెడల భయము లేదు.

పిల్లలకు చెప్పదగిన లెక్క

సుమారు 120 ఏండ్లలో ఈ గనులు 5 కోట్ల టన్నులకు పైగా రాతిని పైకెత్తి, దాదాపు 800 టన్నుల బంగారము నిచ్చినవి. అనగా టన్ను రాతికి సగటున 16 గ్రాములు. పాతలెక్కన తులమున్నర కంటె తక్కువ. ఆదిలో టన్నుకు పదుల గ్రాములు దొరకెడివి. తుదకు కొద్ది గ్రాములే మిగిలినవి. లోతు పెరిగినకొలది ఖర్చు పెరిగి, రాబడి తరిగి, గని నిలువలేకపోయినది. తల్లి మెడలోని చిన్న గొలుసును చూపి, ఇంత బంగారమునకు ఒక బండెడు రాతిని మూడు కిలోమీటర్ల లోతునుండి ఎత్తవలసివచ్చెనని చెప్పినచో ఏ బిడ్డకైనను బోధపడును. ఆ గొలుసులోనికి పోయినది పోగా మిగిలినదే ఎదుట కనబడు తెల్లని దిబ్బ. 1930లో వ్రేలిముద్రల నమోదును నిరాకరించి ఇచ్చటి కార్మికులు సమ్మె కట్టిరని కూడ చెప్పవలెను. వారు రాయి మోసినవారే గాక, తమ గౌరవము నెరిగినవారును.

గనులు మూతపడగా పలువురి సంతతివారు ప్రతిదినము రైలెక్కి బెంగుళూరు పనులకు పోవుచున్నారు. పలువురు ఊరినే విడిచిరి. గనిలో దిగిన పెద్దలు నేడు కొద్దిమందియే. కావున మన సంఘ కుటుంబములకు ఒక విన్నపము. నడకకు పోవునప్పుడు పిల్లల చేతికి ఒక చిన్న పుస్తకము నిచ్చి, తమ యింట గాని, తెలిసినవారి యింట గాని గనిలో పనిచేసిన పెద్దలను కలిసి వారి స్వగ్రామము, దిగిన గని, చేసిన పని, వారు వాడిన గనిమాటలు వ్రాయించుడు. ఉత్తర ఆర్కాడు పత్రములలో ఊరి పేరు లేక మరుగైన తెలుగువారి జాడ ఆ పుస్తకములవలననే మనకు దొరకవలసియున్నది.