బండి మీద చలానా ఉందేమో చూసుకున్నారా?

హోసూరు నుంచి బెంగళూరుకు పనికి, బళ్లారి నుంచి హైదరాబాదుకు పెళ్లికి మన బండ్లు రాష్ట్రాలు దాటుతూనే ఉంటాయి. సిగ్నల్ దగ్గర కెమెరా ఫోటో తీసినా మనకు తెలియదు. ఆర్‌సీలో పాత ఫోన్ నంబరుంటే మెసేజ్ కూడా రాదు. తీరా బండి అమ్మబోతే బకాయిలు బయటపడతాయి.

కేంద్ర రవాణా శాఖవారి 'పరివాహన్' ఈ-చలాన్ సైటులో బండి నంబరు, ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరు చివరి అంకెలు ఇస్తే వివరాలు వస్తాయి. అక్కడ లేవని ఊరుకోకండి. తెలంగాణ పోలీసులకు విడిగా సైటుంది. బెంగళూరు చలానాలను బెంగళూరు వన్ కేంద్రాల్లోనూ కట్టవచ్చు. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక పాత చలానాల మీద సగం తగ్గించింది. అలాంటి ప్రకటనలు కనిపెట్టుకుని ఉండండి.

కట్టేముందు ఫోటో తెరిచి చూడండి. ఆ బండి మీదేనా? ఆ రోజు మీరు అక్కడికి వెళ్లారా? కాకపోతే ఆర్‌సీ నకలుతో చలానా వేసిన పోలీసులకే ఫిర్యాదు చేయండి. ఏదీ చేయకుండా వదిలేస్తే కేసు కోర్టుకు వెళ్లవచ్చు. అప్పుడు 'వర్చువల్ కోర్టు' సైటులో వెతకాలి.

బండి అమ్మినా ఆర్‌సీలో పేరు మారేదాకా చలానాలు పాత యజమానికే వస్తాయి. ఫారం 29 ఇచ్చి, పేరు మారిందో లేదో మీరే చూసుకోండి.

వాట్సాప్‌లో చలానా పేరుతో ఏపీకే ఫైలు వస్తే మాత్రం తెరవకండి. అది మీ బ్యాంకు ఖాతాకు ఎసరు.